చుక్క కారదు

ఆదివారం మధ్యాహ్నాలు నేను షెడ్డు తెరవను. ఆ రోజు అక్క పికప్ బండి తెస్తానంది కాబట్టి షట్టరు సగం ఎత్తి కూర్చున్నాను. బయట ఒకటే వాన. కరెంటు పోయి గంట దాటింది. లోపలంతా పాత గ్రీజు వాసన, తడిసిన గోనెసంచుల వాసన. స్టీరింగు పనిలో నాకు కాస్త పేరుంది. పక్క షెడ్డు వెల్డరు నన్ను వేళాకోళంగా "డాక్టరుగారూ" అని పిలుస్తాడు. రోగిని చంపిన డాక్టరునని అతనికి తెలియదు.

ఆ పికప్ మా బావది. ఇరవై ఏళ్ల బండి, ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసేది. పోయినేడు స్టీరింగు గేర్‌బాక్సు నుంచి ఆయిలు కారుతోందని నా దగ్గరికి తెచ్చాడు. ఆ గేర్‌బాక్సు అడుగున ఒక లావుపాటి షాఫ్టు ఉంటుంది, దానికి డ్రాప్ ఆర్మ్ అనే ఇనుప చెయ్యి బిగించి ఉంటుంది. ఆ చెయ్యి ఊడదీస్తేగానీ లోపలి ఆయిలు సీలు, అంటే ఆయిలు కారకుండా ఆపే రబ్బరు రింగు, మార్చలేం. కొత్త సీలు కొని ఉంచాను కూడా. కానీ ఆర్మ్ నట్టు తుప్పు పట్టిపోయింది. పానాకి పొడుగు పైపు తొడిగి వేలాడినా కదల్లేదు. విసుగొచ్చింది. గేర్‌బాక్సుని డీజిలుతో మెరిసేలా కడిగి, బానెట్ కింది స్టీరింగు డబ్బాలో ఆయిలు నింపి, సీలు మార్చేశానని చెప్పాను. మసిపూసి మారేడుకాయ చేయడం అంటారు. నేను మసి తుడిచి చేశాను, అంతే తేడా.

బావ నమ్మాడు. మా బామ్మర్ది చెయ్యి పడితే ఇక చుక్క కారదని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ మనిషికి ఒక అలవాటుండేది. ఏదైనా అడిగి జవాబు కోసం ఆగినప్పుడు బండి తలుపు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు. టక్ టక్. చెప్పు మరి, అని దానర్థం.

పంతొమ్మిదో రోజు పొద్దున దిగుడు మలుపులో బండి కల్వర్టు గోడని గుద్దింది. బావ పోయాడు. నేను వెళ్లి చూసేసరికి ఆయిలు డబ్బా ఖాళీగా ఉంది. ఆయిలు లేని స్టీరింగు ఎంత బరువెక్కుతుందో నాకు తెలుసు. ఎలా జరిగిందని అందరూ నన్నే అడిగారు. నిద్ర పట్టేసి ఉంటుంది, అన్నాను.

అంతకుముందు రాత్రి అక్కకీ బావకీ గొడవైంది. ఆయన కంటిమీద కునుకు లేకుండానే పొద్దున్నే బండెక్కాడు. నా మాట విన్న దగ్గర్నుంచీ, తన నోటివల్లే మొగుడు పోయాడని అక్క నమ్మింది. ఏడాదిగా సరిగా తినదు, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడదు. నేను ఒక్క నిజం చెబితే ఆ బరువు దిగిపోతుంది. చెప్పలేదు. ఎవరు స్టీరింగు అన్నా గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంటూ తిరిగాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోతుంది.

అక్క బండిని షెడ్డులోకి తెచ్చి ఆపింది; షట్టరు పూర్తిగా ఎత్తడానికి దిగినప్పుడు తడిసిపోయింది. బండి నడపడం నేర్చుకుంది, ఇక తనే తిప్పుకుంటుందట.

"మళ్లీ కారుతోందిరా. పోయినేడేగా సీలు మార్చావు, అప్పుడే పోతుందా?"

చూస్తానన్నాను. చేతులు కాలాక ఆకులే అయినా ఈసారి నిజంగా మార్చాలనుకున్నాను.

ముందు చక్రాలు పైకి లేపి, స్టాండ్లు పెట్టి, టార్చి నోట కరుచుకుని కిందికి దూరాను. గేర్‌బాక్సు అడుగంతా ఎర్రటి ఆయిలుతో తడిగా ఉంది. నట్టుకి పానా తగిలించి, పళ్లు బిగించి లాగబోయాను.

నట్టు వేళ్లతోనే తిరిగింది.

ఆర్మ్ దానంతటది జారి నా చేతిలోకి వచ్చింది. పైన కొత్త సీలు. రబ్బరు నల్లగా నిగనిగలాడుతోంది, పొడిగా ఉంది. నేను వేయని సీలు. ప్రమాదం తర్వాత ముందు రేకులే సరిచేయించాం, స్టీరింగు జోలికి ఎవరినీ పోనివ్వలేదు. ఎవరైనా విప్పితే నా గుట్టు బయటపడుతుందని నేనే కాపలా కాశాను.

పాక్కుంటూ బయటికొచ్చి సొరుగు లాగాను. నేను కొన్న పొట్లం ఉంది. కొట్టిన పిన్ను కొట్టినట్టే ఉంది. చింపాను. లోపల పాత సీలు... చెక్కలా గట్టిపడి, అంచు చిరిగి, ఆయిలు ఓడుతోంది. గోరువెచ్చగా ఉంది.

నాకు ముందు కలిగింది భయం కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది... ముందు కలిగింది సంతోషం. సీలు మార్చానని ఇప్పుడు రుజువుంది. ఇక ఎప్పటికీ, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పొట్లాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మరి ఆయిలు ఎక్కణ్ణుంచి కారుతోంది? ఆ ప్రశ్న వైపు పోలేదు. ఆర్మ్ బిగించాను. డబ్బా నింపాను. ఇక స్టీరింగుని ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి గాలి తీయాలి. బండెక్కి నేను చెప్పినట్టు తిప్పమని అక్కకి చెప్పి మళ్లీ కింద పడుకున్నాను. తలుపు పడిన చప్పుడైంది.

"కుడికి తిప్పక్కా."

చక్రాలు కుడికి తిరిగాయి.

"ఎడమకి."

ఎడమకి తిరిగాయి. మూడోసారి నేను నోరు తెరవకముందే తిరిగాయి. కొసదాకా వెళ్లి, అక్కడ బిగపట్టకుండా, ఒక వేలెడు వెనక్కి వచ్చి ఆగాయి. అలా వదిలితేనే పంపు మీద బరువు పడదు. అది నేను బావకి నేర్పిన పద్ధతి. అక్కకి తెలియదు.

పైనుంచి అక్క గొంతు, చాలా సన్నగా.

"ఊఁ..."

కాసేపాగి మళ్లీ. "ఊఁ..."

ఎవరో చెబుతుంటే ఊ కొడుతోంది. చెప్పేవాళ్ల గొంతు మాత్రం వినబడటం లేదు. వాన చప్పుడు. ఆయిలు వాసన. నా ముఖం మీద ఒక చుక్క పడింది...

"అక్కా... ఎవరితో?"

తలుపు మీద, టక్ టక్.

ఎలా బయటికొచ్చానో తెలియదు. మోచేతులు గీసుకుపోయాయి. అక్క పక్క సీట్లో కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. డ్రైవరు సీటు ఖాళీ. స్టీరింగు మెల్లగా తిన్నబడి ఆగింది.

ఆమె భయపడలేదు. చిన్నప్పుడు నేనేదైనా పగలగొట్టి దాచినప్పుడు చూసినట్టు చూసింది.

"వాణ్ణేమీ అనకు అంటున్నాడురా," అంది. "నువ్వేం చేశావు?"

నా చెయ్యి దానంతటది జేబు మీదికి పోయింది. పొట్లం తీసి చూపిస్తే చాలు, ఇంకొక్క అబద్ధంతో గట్టెక్కుతాను. వేళ్లు జేబులోకి దూరాయి.

టక్ టక్.

ఈసారి తలుపు మీద కాదు. వెనకనుంచి, నా భుజం మీద... తడి వేలి కణుపుతో.