మెట్ల కింద గదిలో ఇద్దరు

డిటెక్టివ్ కుర్చీ చూపించినా వచ్చినామె కూర్చోలేదు. ముప్పై ఏళ్లుంటాయి. మెడలో నగర ప్రణాళికా కార్యాలయం గుర్తింపు కార్డు వేలాడుతోంది.  

"సాయంత్రం నాలుగింటికి నన్ను ఉద్యోగంలోంచి పీకేస్తారండీ. అటునుంచటే పోలీసులకి అప్పజెప్తారు. దొంగ లెక్కలు చెప్పానట!"

"ఇప్పుడు పదిన్నర," అంది డిటెక్టివ్. "ఏడవడానికి ఐదు నిమిషాలు వాడుకో. మిగతా టైమంతా నాకివ్వు."

"నేను ఏడవడానికి రాలేదు."

"అయితే ఆ ఐదూ కూడా నాకే. చెప్పు."

డిటెక్టివ్‌కి యాభై ఐదేళ్లు. పెళ్లి కాలేదు. అయినా ఊరంతా ఆమెని అత్తగారనే పిలుస్తుంది. ప్రశ్నలు అలా వేస్తుంది మరి. ఆమె సహాయకుడు ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. ఆ ప్రశ్నలు వినడానికే కోర్టు ఉద్యోగం వదిలేశానని అందరికీ చెప్పుకుంటాడు.

వచ్చినామె సర్వేయరు. విశ్వవిద్యాలయం వెనక వీధిలో ఇరవై ఆరు ఇళ్లు విద్యార్థులకి అద్దెకిచ్చారు. అక్కడ ఎంతమంది ఉంటున్నారో తేలితే, దాన్నిబట్టి కొత్త హాస్టల్ కట్టాలో వద్దో నగర సభ నిర్ణయిస్తుంది. మూడు వందల పదకొండు మంది ఉన్నారని ఆమె సభాధ్యక్షురాలికి చెప్పి, శుక్రవారం ఫైలు ఇచ్చేసింది. సోమవారం తెరిచి చూస్తే, ఆమె సంతకాలున్న కాగితాల్లోనే మొత్తం తొంభై ఆరు ఉంది.

"నీ లెక్క మీద నీకంత నమ్మకమేంటి?"

"నేను మంచాలు లెక్కపెట్టనండీ. మేం వస్తున్నామని తెలిస్తే ఓనర్లు మంచాలు మడిచి పక్కింట్లో పడేస్తారు. పొద్దున్నే వెళ్లి పళ్లు తోముకునే బ్రష్షులు లెక్కపెడతాను. వాటిని దాచాలని ఎవరికీ తట్టదు."

అత్తగారు మొదటిసారి నవ్వింది. "మరి సంతకాలు?"

సర్వేయరు తల దించుకుంది. "నావే. ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టి ఉంచుతాం. కాగితం తడిస్తేనో, కొట్టివేతలు ఎక్కువైతేనో మళ్లీ రాసుకోడానికి. ఆఫీసులో అందరూ చేసేదే."

"అందరూ చేశారు, ఇరుక్కుంది నువ్వు. ఆ ఫారాలు ఎక్కడుంటాయి?"

"రికార్డుల గది బీరువాలో. తాళాలు ప్లానింగ్ ఆఫీసరు దగ్గరా రికార్డు క్లర్కు దగ్గరా ఉంటాయి. శనివారం పద్నాలుగో ఇంటి ఓనరు కూడా ఆ గదిలో గంటసేపు కూర్చున్నాడు. నా మీద ఫిర్యాదు ఇవ్వడానికట."

"పద్నాలుగు... పొగ నిండిన ఇల్లేనా?"

"అదే. నెల కిందట వైర్లు కాలాయి. పరిశోధన చేసే అమ్మాయి రెండో అంతస్తు కిటికీలోంచి దూకింది. రెండు కాళ్లూ విరిగాయి."

ఆ మాట తర్వాత అత్తగారు చెప్పులు వేసుకుంది.

ప్లానింగ్ ఆఫీసరు బల్ల మీద పెన్సిళ్లన్నీ ఒకే పొడుగున చెక్కి ఉన్నాయి. "ఆ పిల్ల నాకు కూతురులాంటిదండీ. కాస్త దుడుకు. హాస్టల్ రావాలన్న ఆత్రంలో నోటికొచ్చిన అంకె చెప్పేసింది," అన్నాడు జాలిగా.

"పద్నాలుగో ఇల్లు మీరు చూశారా?"

"చూడకుండా సంతకం పెడతానా? రెండేళ్ల కిందట స్వయంగా తనిఖీ చేశాను. పత్రం ఫైల్లోనే ఉంది."

ఉంది. అత్తగారు దాన్ని చదివి, పక్కనే ఉన్న సర్వే కాగితాన్ని టైపిస్టుకి వినిపించింది. "పద్నాలుగో ఇల్లు. పై గదుల్లో నలుగురు. వెనక మెట్ల కింద గదిలో ఇద్దరు. మొత్తం ఆరుగురు. రాసుకున్నావా?"

"రాసుకున్నా మేడమ్."

రికార్డు క్లర్కు ఆమెని చూడగానే రుసరుసలాడాడు. "నన్నెందుకు అనుమానిస్తారు? నేనుండేది ఆ పద్నాలుగో ఇంటి వెనకే. మా వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా వాళ్ల గోడే. వెలుతురు లేదు, గాలి లేదు. ఆ ఓనరుకి సాయం చేస్తానా నేను?"

మధ్యాహ్నం ఇద్దరూ పద్నాలుగో ఇంటికి వెళ్లారు. ఓనరు గుమ్మంలోనే అరుపులు మొదలెట్టాడు. "ఇల్లు నాది, గోడలు నావి! నా ఇష్టమొచ్చినట్టు అద్దెకిస్తా!"

"ఇచ్చుకో నాయనా. కాస్త పక్కకి జరుగు."

ఒక్కో గదిని ప్లైవుడ్ చెక్కలతో మూడు ముక్కలు చేశారు. ఒక ముక్కలో మంచం మీద కూర్చున్న కుర్రవాడి మోకాళ్లు ఎదుటి చెక్కకి ఆనుతున్నాయి. అత్తగారు కింది అంతస్తులో వెనక్కి వెళ్లి గోడ మీద వేళ్లతో కొట్టింది. పాత గోడ. గట్టిగా పలికింది. తర్వాత రెండో అంతస్తు ఎక్కి, మసిబారిన కిటికీ దగ్గర నిలబడింది.

"ఆ పిల్ల ఇక్కణ్నుంచేనా దూకింది?"

"దూకమని నేను చెప్పానా?"

 అత్తగారి ముఖం జేవురించింది. అంత కోపం టైపిస్టు ఇదివరకు ఒక్కసారే చూశాడు. ఆ రోజు జడ్జిగారే నీళ్లు తాగారు.

నాలుగింటికి సభ గదిలో ఓనరుతో సహా అందరూ కూర్చున్నారు. అధ్యక్షురాలు గడియారం చూసుకుంటోంది. సర్వేయరు నిలబడే ఉంది.

"ఈమె సంతకాలున్న ఖాళీ ఫారాలు తీసి, ఈమె దస్తూరీని అనుకరించి, ఎవరో కొత్త లెక్క రాశారు," అని మొదలెట్టింది అత్తగారు. "ఎవరా అంటే అందరూ ఓనరునే చూపిస్తారు. ఏమయ్యా, నీ ఇంట్లో వెనక మెట్ల కింద గది ఎక్కడుంది?"

"ఏ మెట్లు? వెనక మెట్లే లేవుగా!"

"లేవు. ఎప్పుడూ లేవు. కానీ ఈ కాగితంలో ఉన్నాయి. వాటి కింద గదిలో ఇద్దరు కాపురం కూడా ఉంటున్నారు! లెక్క తగ్గాలని కోరుకునే ఓనరు లేని గది సృష్టించి అందులో ఇద్దర్ని పెడతాడా? క్లర్కు రోజూ వంటింట్లోంచి చూసేది ఆ గోడనే. అక్కడ మెట్లు లేవని అతనికీ తెలుసు. మెట్లున్నాయని నిజంగా నమ్మినవాడే ఇది రాశాడు. అనుమతి కోసం ఇచ్చిన ప్లానులో ఆ మెట్లున్నాయి; అలా నమ్మేది ఇల్లు చూడకుండా ఆ ప్లాను మాత్రమే చూసినవాడు."

ఆమె తనిఖీ పత్రం బల్ల మీద పెట్టింది. "వెనక మెట్లూ, కింద గదీ స్వయంగా చూశానని రాసుంది ఇందులో. ఇది మీ సంతకమేనా ఆఫీసరుగారూ?"

ప్లానింగ్ ఆఫీసరు పెదవులు తడుపుకున్నాడు. "ప్లాను ఎవరైనా చూడొచ్చు..."

"చూడొచ్చు. కానీ అసలు లెక్క బయటికొస్తే, ఆ ఇళ్లు నివాసానికి పనికొస్తాయని ఎవరు రాశారని అడుగుతారు. ఆ పేరు మీ ఒక్కరిదే. ఆ పొగలో ఆ పిల్లకి వెనక మెట్లు కావలసొచ్చాయి. అవి మీ కాగితంలో తప్ప ఎక్కడా లేవు!"



"ఆ ఏడాది తనిఖీకి ఊరంతా కలిపి నూట ఇరవై ఇళ్లు," అన్నాడతను చివరికి. "నేనొక్కణ్ని. ఎన్నిటికని వెళ్లను?"

"నేను వెళ్లానండీ!" సర్వేయరు గొంతు గదంతా మోగింది. "ప్రతి ఇంటికీ వెళ్లాను. నా కాగితాలేవి?"

"చింపేశాను."

అధ్యక్షురాలు నిట్టూర్చి ఫైలు మూసింది. "నీ మీద చర్య రద్దు చేస్తున్నామమ్మా. ఇతని సంగతి పోలీసులు చూసుకుంటారు. హాస్టల్ విషయం మాత్రం వాయిదా వేయాలి. అసలు లెక్క లేదు కదా."

"లెక్క లేకపోతేనేం, ఇల్లుంది. పది నిమిషాల నడక. నన్ను అబద్ధాలకోరు అన్నది మీరే. వచ్చి చూసి, ఆ మాట వెనక్కి తీసుకోండి."

అధ్యక్షురాలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు అప్పటికే తలుపు తీసి పట్టుకుంది.

పద్నాలుగో ఇంట్లో మొదటి గది గుమ్మంలోనే అధ్యక్షురాలు ఆగిపోయింది. లోపల అడుగు పెట్టే చోటు లేదు. సర్వేయరు ఫారం అట్టకి బిగించి, పెన్నుతో సహా ఆమె చేతికిచ్చింది.

"నేను రాస్తే దొంగ లెక్కంటారు. మీరే రాయండి."

చెక్కల వెనకనుంచి పిల్లలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అధ్యక్షురాలు పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.  పదకొండు అని రాసి, పెన్ను మూసి, వెనుదిరగబోయింది.

"ఆగండి మేడమ్," అంది సర్వేయరు. "వంటగదిలో ఇంకా ముగ్గురున్నారు."