కోటకొచ్చిన సాయం

ఆ సాయంత్రం మంచు నెమ్మదిగా కురుస్తోంది. రష్యాలో ప్స్కోవ్ పట్నానికి పడమటగా ఉన్న కొయ్యకోట వాకిలి పైనున్న బురుజు మీద, కాపలా కాసే ముసలి పుత్యాత ఎండిన నల్లరొట్టె ముక్క నోట్లో నానబెట్టుకుంటున్నాడు. అంగీల మీద శిలువలు కుట్టుకున్న జర్మన్లు చలికాలమంతా కోటని చుట్టుముట్టే ఉన్నారు. లోపలివాళ్ళు గుర్రాల్ని కూడా కోసుకు తినేశారు. అయినా రాజు గ్లెబ్ లొంగనంటే లొంగనన్నాడు. నొవ్గొరోద్ నగరాన్ని ఏలే అన్న వ్సెస్లావ్ దండుతో వస్తాడని ఆయన ఆశ.

"అన్నగారికి విందుల్లోంచి తీరిక దొరకాలిగా బాబూ," అన్నాడు పుత్యాత, పక్కన నిలబడ్డ గ్లెబ్‌తో. ఎత్తుకుని పెంచిన చనువు అది.

"నోరు మూసుకో తాతా. వస్తాడు."

అంతలో శత్రువుల డేరాల్లో కుక్కలు ఒక్కసారిగా మొరగడం మానేశాయి. ఆ డేరాల మధ్యనుంచే గుర్రపు దండొకటి నడిచొచ్చింది. ఎవరూ అడ్డుకోలేదు. గిట్టల చప్పుడు లేదు. చెరువడుగు బురద వాసన మాత్రం గుప్పుమంది.

ముందున్నవాడు తలెత్తాడు. వ్సెస్లావే.

"తమ్ముడూ... తలుపు తియ్యి."

పుత్యాత గ్లెబ్ చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ... ఆ గుర్రాల ముక్కుల్లోంచి ఆవిరి రావట్లేదు."

"చూశాను."

"మరి...?"

"బతికున్నవాళ్ళెవరూ రాలేదుగా," అన్నాడు గ్లెబ్. "వచ్చినవాళ్ళని పొమ్మనమంటావా?"

తలుపు తీశారు. అన్న ఒక్కడే లోపలికొచ్చి, గ్లెబ్ భుజం మీద చెయ్యేసి గదిలోకి తీసుకెళ్ళాడు. దండు వెనక్కి తిరిగింది. కాసేపటికి డేరాల్లోంచి కేకలు... కత్తుల చప్పుడు లేదు. ఒట్టి కేకలు. తర్వాత అవీ లేవు.

తెల్లారేసరికి డేరాలు అలాగే ఉన్నాయి. పొయ్యిల మీద జావ వెచ్చగా ఉంది. మనిషన్నవాడు లేడు. జనం ఏడుస్తూ, నవ్వుతూ ఆ కుండల మీద పడ్డారు.

అప్పుడొచ్చాడు నొవ్గొరోద్ వార్తాహరుడు. అతని గుర్రం రొప్పుతోంది.

"పెద్దరాజుగారు జర్మన్లతో సంధి చేసుకున్నారు. కోట వాళ్ళకి ఒప్పజెప్పమన్నారు."

"దండు పంపారుగా!" అన్నాడు పుత్యాత.

"దండా? ఒక్కణ్ణీ పంపలేదు. ఆయన కూతురి పెళ్ళి సందడిలో ఉన్నారు. మొన్న నా చేత్తోనే ఆయనకి మధువు పోశాను."

పుత్యాత పడుతూ లేస్తూ రాజు గది దగ్గరికెళ్ళి తలుపుకి చెవి ఆనించాడు.

లోపల రెండు గొంతులు. రెండూ గ్లెబ్‌వే.

ఒకటి ఏడుస్తోంది. రెండోది... "అలా కాదు, ఇంకోసారి ఏడువు. నేను నేర్చుకోవాలి," అంటోంది.