అడుగు గిన్నె

చీట్ల డబ్బాలోకి రెండు చేతులు ఒకేసారి దూరాయి.

"వరసలో నేను ముందున్నాను," అంది రత్నం.

"టీచరమ్మ కదా, వరస మీకు తెలిసినట్టు మాకేటి తెలుస్తాది?" అన్నాడు నూకరాజు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

1967 జూలై. బెంగాల్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్. అక్కడి తెలుగు గ్రంథాలయంలో పాత రైల్వే సామాన్లతో చిన్న మ్యూజియం పెడుతున్నారు. వట్టి వస్తువులు పెడితే చూడటానికి ఎవరొస్తారని కార్యదర్శి సుందర్ రాజు గారికి బెంగ. అందుకని లిఖిత పత్రికలో రాసే పదిమందినీ పిలిచారు. చీటీలో ఏ వస్తువు వస్తే దాని మీద రాయాలి, నెలాఖరు ఆదివారం అందరి ముందూ చదవాలి. అంతవరకూ ఎవరికి ఏమొచ్చిందో బయటపెట్టకూడదు.

నూకరాజుకి పగిలిన గార్డు దీపం వచ్చింది. రత్నం తన చీటీ చదువుకుని, అతనివైపు అదోలా చూసి, పుస్తకంలో దాచేసింది.

ఆ చూపు నూకరాజుని మూడు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. అతను వర్క్‌షాపులో ఫిట్టరు. రత్నం అంటే రెండేళ్ళుగా ప్రాణం. ఆ ముక్క ఆమెకి చెబితే? ఆమె నవ్వుతుంది, స్కూలంతా నవ్వుతుంది, అమ్మ తల ఎత్తుకోలేదు. వర్క్‌షాపు సైరను రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, కొంప మునిగిందని వీధిలోకి పరుగెత్తే అప్పలనర్సమ్మకి కొడుకు కదా. మంచి జరుగుతుందేమోనని ఎన్నడూ అనుకోలేదు.

నాలుగో రోజు వేలు చితికి ముందుగా ఇంటికి బయలుదేరాడు. వాన తుంపర. తమ క్వార్టర్ల వరసలోకి గొడుగు వేసుకుని తిరుగుతోంది రత్నం! చేతిలో ఇందా బజారు సందేశ్ మిఠాయి పొట్లం.

వరస మొదట్లోనే గోపాలం ఇల్లు. రైల్వే ఆఫీసు గుమాస్తా, చేతికి గడియారం, సైకిలుకి డైనమో దీపం. తలుపు ఆమె కోసమే అన్నట్టు బార్లా తెరిచి ఉంది.

ఇంకో పది గుమ్మాలు నడిస్తే నూకరాజు తన ఇల్లు చేరేవాడే. చేరలేదు. సైకిలు వెనక్కి తిప్పి చీకటి పడేదాకా స్టేషను చుట్టూ తిరిగాడు.

మర్నాడు గ్రంథాలయంలో రత్నం నోటుపుస్తకం తెరిచి ఉంటే ఒక వాక్యం కళ్ళబడింది. 'సాయంత్రం నువ్వొచ్చేదాకా నా కళ్ళు గుమ్మంలోనే.'

"ఎవరికోసమండీ అంత ఎదురుచూపు?"

రత్నం పుస్తకం టపీమని మూసింది. "ఉన్నారు ఒకరు. మీకంటే చాలా మంచివారు."

"సందేశ్ తింటాడేటి?"

ఆమె ముఖం ఎర్రబడింది. "మీకెవరు చెప్పారు?"

ఇంకేం కావాలి! ఆ సాయంత్రమే వాల్తేరుకి బదిలీ కోరుతూ దరఖాస్తు రాశాడు.

"ఏటిరా, మొకం అలగయిపోనాది? జొరమేటి? టైఫాయిడ్ గానీ కాదు కదా?" అంది తల్లి.

"నాను వాల్తేరు ఎల్పోతానమ్మా."

గరిటె జారి పడింది. "నీకు తెలిసిపోనాదా?"

"ఏటి తెలిసిపోనాది?"

"ఏటీ లేదు నాయినా, ఏటీ లేదు," అంటూ వంటింట్లోకి వెళ్ళి కళ్ళొత్తుకుంది. లోకమంతా తనమీద కుట్ర పన్నినట్టనిపించింది నూకరాజుకి. గోపాలం డైనమో దీపాన్ని తిట్టుకుంటూ పడుకున్నాడు.

నెలాఖరు ఆదివారం. బయట జోరువాన. రోజూ రేపు రేపనుకుంటూ వచ్చి, ఇక సోమవారం ఫోర్‌మన్‌కి ఇచ్చేద్దామనుకున్న దరఖాస్తు జేబులో పెట్టుకుని నూకరాజు వెనక బెంచీలో కూర్చున్నాడు. తన గార్డు దీపం గురించి నాలుగు ముక్కలు గొణిగి వచ్చేశాడు. ఇప్పుడు రత్నం వంతు.

ఆమె బల్లమీద కాగితం పొట్లం విప్పింది. మూడు గిన్నెల ఇత్తడి క్యారేజీ.

"ఇది ఒక భార్య భర్తతో చెప్పుకునే మాట," అని చదవసాగింది. "మధ్యాహ్నం మీరంతా క్యారేజీలు కొలిమి పక్కన పెట్టి వేడి చేసుకునేవారట. ఒకనాడు బెంగాలీ దాదాతో కబుర్లలో పడి మరిచిపోయావు. అడుగు గిన్నె మాడింది. చింతపండు పెట్టి ఎంత తోమినా ఆ మచ్చ పోలేదు. దాదా ఇచ్చిన సందేశ్ నువ్వు తినకుండా ఆ గిన్నెలోనే నాకు తెచ్చావు. అప్పట్నుంచి అది ఖాళీగా రాలేదు. సాయంత్రం నువ్వొచ్చేదాకా నా కళ్ళు గుమ్మంలోనే. ఒకరోజు సైరను మోగింది. క్యారేజీ వచ్చింది, నువ్వు రాలేదు. గుండె ఆగిపోయిందన్నారు. అడుగు గిన్నె తీశాను. అందులో సందేశ్ ఉంది."

ఆ మచ్చ నూకరాజుకి తెలుసు. ఆరేళ్ళ వయసులో దానిమీద వేలు పెట్టి అడిగినవాడే. ఆ క్యారేజీ పెట్టె అడుగున ఉందనుకుంటున్నాడు ఇన్నాళ్ళూ. ఆడవాళ్ళ వరసలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇరవై రోజులుగా అతను కుళ్ళుకున్నది తన తండ్రిని చూసి!

వరండాలో రత్నాన్ని పట్టుకున్నాడు. "మా ఇంటికొచ్చినారా?"

"పదకొండుసార్లు. చీటీలో క్యారేజీ ఇచ్చినవారి పేరు కూడా ఉంది మరి. ఒక్కసారైనా ఎదురుపడకపోతారా అనుకున్నా."

"మరి గోపాలం..."

"గోపాలమా! ఆయనకి సందేశ్ కొనాల్సిన కర్మ నాకేం? గిన్నెలో ఎన్ని పట్టేవో చూపించమని మీ అమ్మగారికే తీసుకెళ్ళాను. నాలుగు పట్టాయి. ఒకటి మీకు దాచారు కూడాను."

"నాకియ్యలేదే!"

"ఎక్కడిదని నువ్వడిగితే ఏటి సెప్పాలని భయమేసి నానే తినేసినాన్రా," అంది వెనకనుంచి అప్పలనర్సమ్మ. "నాయిన క్యారేజీ ఇచ్చీసినానని కోపమొచ్చి వాల్తేరు ఎల్పోతున్నావేమోనని..."

రత్నం ఉలిక్కిపడింది. "వాల్తేరా?"

"రత్నంగారూ," అన్నాడు నూకరాజు. "గోపాలం మీద ఇరవై రోజులు పళ్ళు నూరినాను. మీరంటే నాకెంత ప్రాణమో సెప్పడానికి ఇంతకంటే మాట దొరకటం లేదు."

"మీ నాన్నగారు నయం. మాట అక్కర్లేకుండా చెప్పేవారు," అంది రత్నం. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

లోపల సుందర్ రాజు గారు క్యారేజీని అద్దాల బీరువాలో పెట్టబోతున్నారు. అప్పలనర్సమ్మ గబగబా వెళ్ళింది.

"బాబూ, పై రెండు గిన్నెలూ ఉంచుకోండి. అడుగుది ఇచ్చీండి."

"ఎందుకమ్మా?"

"మా కోడలికి కావాల."

హాలంతా తిరిగి చూసింది. రత్నం తల వంచుకునే వచ్చి గిన్నె అందుకుని, నూకరాజు ముందు చాపింది. "ఇది ఖాళీగా ఉండకూడదట."

నూకరాజు జేబులు తడుముకున్నాడు. దొరికింది ఒక్కటే. దరఖాస్తుని నాలుగు ముక్కలు చేసి మాడిన మచ్చ మీద వేశాడు.

"ఇయ్యాలకి ఇదే ఉంది."

అప్పలనర్సమ్మ గిన్నెలోకి తొంగి చూసి గుండెమీద చెయ్యి వేసుకుంది. "అదేటి కాగితంరా? కోర్టుది గానీ కాదు కదా?"