షట్టర్లు లేవకముందు

ఆదివారం పొద్దున అయిదున్నరకు కల్పలత సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర ఆటో దిగేసరికి అక్కడ ఒక్క మనిషే నిలబడి ఉన్నాడు. ఆ ఒక్క మనిషీ తిరుమల్.

"మిగతావాళ్లు ఏరి?"

"వాన పడుతదని పద్దెనిమిది మంది మెసేజ్ పెట్టిండ్రు. ఒకాయన పండుకున్నడు."

"పండుకున్నడని మీకెట్ల తెలుసు?"

"ఫోన్ ఎత్తిండు. హలో అనకముందే గురక షురూ అయింది."

కల్పలతకు నవ్వొచ్చింది. వెంటనే అమ్మ గుర్తొచ్చింది. ఇరవై మంది గుంపుతో వెళ్తున్నానని అమ్మకు చెప్పి బయలుదేరింది మరి.

తిరుమల్ ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక స్కూల్లో లెక్కల సారు. ఆదివారాలు జనం రాకముందే లష్కర్, అంటే సికింద్రాబాద్ పాతబజార్లన్నీ నడిపించి చూపిస్తాడు. పగలైతే కాలు పెట్టే సందుండదు, తలెత్తే తీరిక ఉండదు. ఆ వేళకైతే పాత మేడల చెక్క బాల్కనీలూ, గోడల నెత్తిన చెక్కిన సంవత్సరాలూ తీరిగ్గా కనబడతాయి. కల్పలత రావడం ఇది నాలుగోసారి. పోయినవారం అందరూ వెళ్లిపోయాక, చాయ్ తాగుతూ అతను అడిగేశాడు. "మా అమ్మను మీ ఇంటికి పంపిస్త. ఏమంటరు?"

వచ్చే ఆదివారం చెప్తానంది. ఆ ఆదివారం ఇదే.

ఇష్టం లేక కాదు ఆలస్యం. అమ్మ పుష్పమ్మకు భయం. లిఫ్టు ఎక్కితే తీగ తెగుతుందంటుంది, పానీపూరి తింటే కామెర్లంటుంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కల్పలత తండ్రి పేరు బ్రహ్మచారి. దుకాణాల షట్టర్ల మీద బొమ్మలు వేసేవాడు. పిల్లకు ఏడేళ్లప్పుడు జనరల్ బజార్లో నిచ్చెన మీదినుంచి పడి చనిపోయాడు. పద్దెనిమిదేళ్లయింది, ఆ తల్లి మళ్లీ ఈ బజారు తొక్కలేదు. అట్లా భర్తను పోగొట్టుకున్న మనిషికి అరుగు కూడా మేడంత ఎత్తుగా కనిపిస్తుంది. ఎవరు మాత్రం ఏమనగలరు?

నాన్న పేరూ, షట్టర్ల మీద బొమ్మలు వేసేవాడనీ కల్పలత తిరుమల్‌కు చెప్పింది. ఎట్లా పోయాడో మాత్రం చెప్పలేదు.

ఫోన్ మోగింది. అమ్మే.

"ఎంతమంది వచ్చిండ్రే?"

"సగం మంది వచ్చిండ్రమ్మా."

"ఒక్కరి మాట సుత వినొస్తలేదు. పక్కన ఎవరున్నరో వాళ్లకియ్యి జెర."

కల్పలత ఫోన్ ఇస్తూ, కళ్లతోనే బతిమాలింది. తిరుమల్ అర్థమైనట్టే తలూపాడు.

"నమస్తే అమ్మా."

"ఎంతమంది ఉన్నరు బాబూ?"

"ఇద్దరమే అమ్మా."

అవతలినుంచి రెండే మాటలు: "నేనొస్తున్న. ఎక్కడ?"

జనరల్ బజార్ అని చెప్పి ఫోన్ తిరిగిచ్చాడు.

"ఏం మనిషండీ మీరు! ఒక్క అబద్ధం చెప్తే ఏం పోయేది?"

"రేపు మా అమ్మను పంపించేది ఆ ఇంటికే కద. మొదటి మాటే అబద్ధమైతే ఎట్ల?"

"పంపించేది ఉంటే కద!" అని విసవిసా నడిచింది. అతను రెండడుగులు వెనకే నడిచాడు. మోండా మార్కెట్ వైపు నుంచి తడి కొత్తిమీర వాసన వస్తోంది. చినుకులు మొదలయ్యాయి. అతను గొడుగు విప్పి తన తల వదిలేసి ఆమె తలకు పట్టాడు. ఆమె చూడనట్టే నడిచింది, గొడుగు దాటకుండా.

జనరల్ బజార్ గల్లీలో ఇత్తడి సామాన్ల దుకాణం ముందు అతను ఆగాడు.

దించిన షట్టరు నిండా రెండు చిలుకలు. నడుమ కొరికిన జామకాయ. రంగు వెలిసింది కాని కళ్లు మెరుస్తూనే ఉన్నాయి. కింద మూలన, వంకరగా, "బ్రహ్మ" అని.

కల్పలత ఆ మూల వేలితో తడిమింది. కోపం ఎటుపోయిందో!

"ఎట్ల దొరికింది?"

"రోజూ స్కూల్‌కు ముందు వచ్చి ఒక్కో గల్లీ చూసిన. ఏడు గంటలైతే షట్టర్లు లేస్తయి, బొమ్మలు చుట్టుకపోతయి. మూడు వందల పైనే చూసిన. మంగళవారం దీన్ని కోసి అద్దాల తలుపు పెడుతరట. అందుకే ఇయ్యాల ఫొటో తీయాలె."

గల్లీ మొదట్లో ఆటో చప్పుడైంది. కల్పలత కళ్లు తుడుచుకుని తల్లికి ఎదురు వెళ్లింది.

పుష్పమ్మ చీర కొంగు తలమీద కప్పుకుని, చెప్పులు తారుమారుగా వేసుకుని దిగింది. కూతుర్ని ఎగాదిగా చూసి, ఒళ్లంతా తడిమి, "బాగున్నవా?" అంది. ఇద్దరూ మలుపు తిరిగారు.

షట్టరు పై అంచు ఫొటోకు అందక, తిరుమల్ పక్క చాయ్ హోటల్ వాళ్ల నిచ్చెన ఎక్కి నిలబడి ఉన్నాడు.

పుష్పమ్మ అరవలేదు. పరుగెత్తింది. రెండు చేతులతో నిచ్చెనను కావలించుకుని, తల దానికి ఆనించి, "దిగు బిడ్డా. నిమ్మళంగ. ఒక్కొక్క కాలు," అంది. గొంతు గాలిలా ఉంది.

దిగాడు. దిగాక వీపు మీద ఒక్కటిచ్చింది.

"నీకు తల్లి లేదా?"

"ఉన్నదమ్మా," అన్నాడు తిరుమల్. తెల్లబోయి చూస్తున్న అతనికి, "మా నాన్న ఇట్లనే పడి చనిపోయిండు," అని కల్పలత మెల్లగా చెప్పింది. అతని ముఖం పాలిపోయింది. చేతులు జోడించాడు. "తప్పయింది అమ్మా. నాకు తెల్వదు."

అప్పటికి పుష్పమ్మ అతన్ని చూడటం లేదు. షట్టరును చూస్తోంది.

"నేనెన్నడు సూడలే," అంది చివరికి. "ఆయన దుకాణాలు మూసినంక గీసెటోడు. నేను సామాన్లకు వస్తే షట్టర్లన్ని పైనే ఉండేటివి. ఏం గీస్తవయ్యా అంటే నవ్వెటోడు. ఇన్నేండ్లు గీ బజారు తొక్కలే నేను. గిట్ల గీస్తడని నాకెవలు చెప్పిండ్రు?"

వాన పడుతున్నా ఎవరూ కదల్లేదు. గొడుగు ఇప్పుడు పుష్పమ్మ తల మీద ఉంది.

"దీన్ని వెతికి పట్టింది ఈయనే అమ్మా," అంది కల్పలత.

"ఏమైతడే నీకు?"

కల్పలత ఒక్కసారి తిరుమల్ వైపు చూసింది. "ఇష్టం అమ్మా. ఈయనకు ఇయ్యాల జవాబు చెప్పాలె. నీ పరేషాన్ చూసి ఆగిన."

తడిసి ముద్దయిన తిరుమల్ మొహమంతా వెలిగింది.

"నువ్వు సగం మంది అన్నవ్. ఈ పిల్లగాడు ఇద్దరమే అన్నడు," అంది పుష్పమ్మ. ముక్కు చీది, చెయ్యి చాపింది. "మీ అమ్మ నంబర్ కలుపు."

"ఇప్పుడా అమ్మా? ఆరున్నర సుత కాలే."

"తల్లి లేచే ఉంటది. కలుపు."

తిరుమల్ వాళ్లమ్మ పేరు చెప్పి కలిపాడు. నిజమే, ఒక్క రింగుకే ఎత్తారు.

"వీరరాఘవమ్మగారా? నేను నేరేడ్‌మెట్ నుంచి, కల్పలత తల్లిని. మీ అబ్బాయి వానల నిచ్చెన ఎక్కిండు, మీకు ఎరుకేనా?"

అవతలి గొంతు పుష్పమ్మ గొంతుకన్నా ఎక్కువ వణికింది. "అయ్యో! దిగిండా?"

పుష్పమ్మ ముఖంలో ఏదో సడలింది. గోడకు ఆనుకుని, ఎన్నేళ్లుగానో తెలిసిన మనిషితో మాట్లాడినట్టు అంది:

"దిగిండమ్మా, నా కండ్ల ముందటనే దిగిండు. మీరు నిమ్మళంగ చాయ్ తాగి మా ఇంటికి రాండ్రి. ఇద్దరం కూసొని భయపడుదాం."