మోగకూడని అలారం

"ఎన్‌డోసీ," అన్నాడు కల్నల్ ఖుమాలో. ఆయన ఇలా తనని వంశం పేరు పెట్టి పిలిచాడంటే పని ప్రమాదకరమైనదేనని ఏజెంట్ భెకి చెలేకి తెలుసు. "డర్బన్ ల్యాబ్‌లో కొంత రక్తం దాచి ఉంది. ఒక విదేశీ ముఠా దాని మీద కన్నేసింది. నువ్వు ఫ్రీజర్ మెకానిక్ వేషంలో వెళ్తావు. ఆపదొస్తే చెప్పాల్సిన కోడ్ మాట, మామిడి ఊరగాయ."

"రక్తం కోసం ముఠానా సార్?"

జవాబు ల్యాబ్‌లో ప్రొఫెసర్ మూడ్లీ చెప్పింది. ఊరి పక్కనున్న ఉమ్లాజీ బస్తీ ఆడపిల్లలు వారానికి రెండుసార్లు వచ్చి పరీక్ష చేయించుకుంటారు. కొందరికి హెచ్ఐవి సోకిన సంగతి తొలి రోజుల్లోనే బయటపడింది. ఆ రోజుల్లో తీసిన రక్తం అది.

"వాళ్లు మందులు వాడుతూ బాగానే ఉన్నారు. కానీ ఆ మొదటి వారం మళ్లీ రాదు నాయనా. ఆ ట్యూబులు పోతే పోయినట్టే."

"వాటిలో ఏం కనిపిస్తుంది మేడమ్?"

"ఒంట్లో అలారం మోగడం. వైరస్ రాగానే రక్షణ కణాలు మేలుకుని పరుగెత్తుకొస్తాయి. నిద్రపోయే కణంలో దాని ఆటలు సాగవు. మేలుకున్న కణమే దానికి కావాలి. కాపలావాళ్లు లేచొచ్చి దొంగకే ఇల్లు అప్పగించినట్టు."

లోపల సాయానికి కల్నల్ పెట్టిన మరో ఏజెంట్ ఉంది. పేరు నొక్వెజీ. ల్యాబ్ సెక్యూరిటీ ఆఫీసర్, ఎర్ర లిప్‌స్టిక్, నవ్వితే ఎదుటివాడు మాట మరిచిపోతాడు.

"అన్నా, పిస్తోలు, వాచీ రేడియో, ఫోన్ ఇలా ఇవ్వు. లోపలి చలికి పాడైపోతాయి," అంది ఫ్రీజర్ గది ముందు. భెకి ఇచ్చి లోపలికి నడిచాడు. వెనక తలుపు మూసుకుని తాళం పడింది.

మైనస్ ఇరవై. ఒంటి మీద చొక్కా. తలుపు పక్కన ఎర్ర బటన్. నొక్కితే అలారం మోగుతుంది, కొన్ని నిమిషాలకు తలుపు తెరుచుకుంటుంది.

వేలు బటన్ దాకా వెళ్లి ఆగింది. అన్నీ లాక్కున్న మనిషి దీని తీగ ఎందుకు కోయలేదు?

ఏ ఫ్రీజర్ అలారం మోగినా సిబ్బంది రక్తం పెట్టెలన్నీ వెనక గేటు దగ్గరున్న వ్యానులోకి ఎక్కించాలి. అది ఇక్కడి రూలు. పొద్దున ఆ వ్యాను డ్రైవర్‌ని జులూలో "సావుబోనా" అని పలకరిస్తే తల ఊపి ఊరుకున్నాడు. ఈ ఊళ్లో పలకరింపుకి బదులు చెప్పని డ్రైవర్ ఎవడు?

భెకి చెయ్యి చంకలో దాచుకున్నాడు.

"నొక్కవయ్యా హీరో," స్పీకర్లో నొక్వెజీ గొంతు. "బయట బటన్లన్నిటి మీదా కెమెరాలున్నాయి. లేకపోతే నీకీ శ్రమ ఇచ్చేదాన్నా?"

"నాకు చల్లగా హాయిగా ఉంది చెల్లీ."

"పళ్లు టకటకలాడుతున్నాయి, వినిపిస్తోంది."

తర్వాత వేళ్లకు స్పర్శ పోయింది. పాదాలకూ అంతే. ఒక్కసారి నొక్కితే బతుకుతాను అనుకున్నాడు. చాలాసార్లు అనుకున్నాడు. చివరికి గడప పక్కన కూలబడి, మాట్లాడటం మానేశాడు.

వ్యాను ఎంతసేపని ఆగుతుంది? ఓపిక నశించి నొక్వెజీయే తలుపు తీసింది. అతన్ని దాటి బటన్ వైపు చెయ్యి చాచింది. భెకి ఆమె కాళ్లకు అడ్డంగా దొర్లాడు. ఆమె తూలి పెట్టెల మధ్య పడింది. ఆమె చేతికున్న తన వాచీని పళ్లతో లాక్కుని, పాక్కుంటూ బయటపడి, భుజంతో తలుపు మూశాడు.

లోపల ఆమె బటన్ నొక్కింది.

అలారం మోగింది. మెట్ల మీద సిబ్బంది పరుగులు. కిటికీలోంచి చూస్తే మొదటి పెట్టె వ్యాను అంచు మీదికి చేరింది. భెకి వాచీని నోటి దగ్గర పెట్టుకున్నాడు. దవడ కదలలేదు. చెంపను గోడకేసి రుద్దాడు. ఇంకోసారి రుద్దాడు.

"మా... మామిడి... ఊరగాయ. వెనక గేటు. వ్యాను."

వ్యాను కదిలింది. వీధి మలుపులో కాచుకున్న కల్నల్ జీపు గేటుకి అడ్డంగా వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుని బయటికొచ్చిన నొక్వెజీ నేరుగా ఇద్దరు కానిస్టేబుళ్ల చేతుల్లో పడింది.

ప్రొఫెసర్ మూడ్లీ పెట్టెలు లెక్కచూసుకుంది. ఒక్కటీ పోలేదు. తర్వాత వ్యాను లోపలికి తొంగిచూసింది.

"కల్నల్ గారూ, ఇది మా వ్యాను కాదు, ముఠా మార్చి పెట్టింది. దీని ఫ్రీజర్‌కి సొంత జనరేటర్ ఉంది. కరెంటు పోయినా ఆగదు. ఇలాంటిదాని కోసం నేను ప్రభుత్వాన్ని ఎన్నేళ్లుగా అడుగుతున్నానో."

"అది సాక్ష్యం, మేడమ్. కేసు తేలేదాకా భద్రంగా ఉంచాలి."

"ఇక్కడే ఉంచుతాను," అంది ఆవిడ, పెట్టెలు అందులోకే సర్దిస్తూ. "కేసు నిదానంగా నడిపించండి."