గది ఖాళీ కాకముందే

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ఆయన చేసే మొదటి పని కాగితాలు నలపడం. సూట్‌కేసుల దుకాణంలో ఖాళీ పెట్టె సొట్టబోయి దిగాలుగా కనిపిస్తుంది. లోపల ఉండచుట్టిన కాగితాలు కూరితేనే, ఇప్పుడే ప్రయాణానికి బయల్దేరుతున్నట్టు నిటారుగా నిలబడుతుంది. ఆ రోజూ అదే పనిలో ఉండగా పైన ఇంట్లోంచి కూతురు మెట్లు దిగి వచ్చింది. భుజం మీద నల్ల గౌను, చేతిలో చెప్పులు.

"నాన్నా, ఇంకా స్నానం కూడా చేయలేదా? అత్త అప్పుడే తయారైపోయింది."

"నాకు కుదరదమ్మా. ఇవాళ లోడు దిగుతోంది. మీ అత్త వస్తుందిగా."

"డిగ్రీ పట్టా ఇచ్చేది ఒక్కసారే నాన్నా."

"లోడు దింపేవాళ్లు కూడా అంతే. ఇవాళ కాదంటే మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు."

చిన్నప్పుడు నోరు మూయకుండా మాట్లాడేదని ఇంట్లో అందరూ ఆమెను గిలక అనేవారు. ఆ గిలక ఏమీ అనకుండా చెప్పులు వేసుకుంది. వెనకే దిగిన మేనత్త మాత్రం ఊరుకోలేదు. పక్క వీధిలోనే ఉంటూ, తల్లి లేని పిల్లను సగం తనే పెంచిన మనిషి.

"ఒరేయ్, ఈ పూట నీ కొట్టు మూస్తే లోకంలో ప్రయాణాలన్నీ ఆగిపోతాయా?"

"కారు ఎదురుచూస్తోందక్కా, బయల్దేరండి."

వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. వచ్చే వారం గిలక ప్రయాణం. పరాయి దేశంలో పై చదువు, ఆ తర్వాత అక్కడే ఉద్యోగం. ప్రవేశం దొరికిందని ఆమె చెప్పిన రోజున ఆయన, "మంచిదే. ఏ సైజు పెట్టె కావాలి?" అన్నాడు. ఎదుటివాడి దగ్గర మన అవసరం బయటపడితే బేరం చెడినట్టేనని ఆయనకు జీవితం నేర్పింది. ఆ పాఠాన్ని కౌంటర్ దగ్గరే వదిలేసి మెట్లెక్కడం మాత్రం నేర్చుకోలేదు.

దుకాణంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. పెట్టె అమ్ముడుపోతే, కొన్నవాళ్లు వీధి మలుపు తిరిగేలోపు ఆ జాగాలో మరొకటి నిలబడాలి. ఖాళీ జాగా కనిపిస్తే వచ్చినవాళ్లకు అనుమానం, యజమానికి దిగులు. భార్య పోయిన నెలలోనే ఆమె మంచం ఉన్న చోట బీరువా పెట్టించాడు. చుట్టాలు రాతిగుండె అన్నారు. ఆయన లెక్కలో అది నష్టం పెరగకుండా చూసుకోవడం.

లోడు దిగగానే, పక్క కొట్లో జిప్పులు కుట్టే టైలర్‌ని కేకేశాడు. ఇద్దరూ గిలక గదిలోకి వెళ్లారు.

"అన్నా, పిల్ల ఇంకా వెళ్లలేదు కదా," అన్నాడు టైలర్.

"వెళ్లాక నాకు తీరిక ఉండదు. మంచం మీ అమ్మాయికి పట్టుకెళ్లు."

"ఎప్పుడూ లేని తీరిక ఇవాళే దొరికిందా? ఈ పాటికి హాల్లో కూర్చుని చప్పట్లు కొట్టాల్సినవాడివి."

"ఆ కొస పట్టుకో ముందు."

మధ్యాహ్నానికి గదిలో నేల నుంచి కప్పు దాకా కొత్త సూట్‌కేసులు నిలబడ్డాయి. కూతురి సామాను మాత్రం ఆయన ఎవరినీ ముట్టనివ్వలేదు. అన్నిటికంటే మంచి పెట్టె తీసి, బరువైన పుస్తకాలు చక్రాల వైపు, బట్టలు చుట్టలుగా, సందుల్లో మేజోళ్లు కూరి సర్దాడు. మూత నొక్కనక్కర్లేకుండానే పడింది. పట్టా తెచ్చుకున్న పిల్లకు ఇంతకంటే మంచి బహుమతి ఏముంటుందనుకున్నాడు.

గిలక కేకు డబ్బాతో వచ్చింది. సాయంత్రం స్నేహితులు వస్తున్నారని చెబుతూనే తన గది తలుపు తోసింది.

"నాన్నా, నా మంచం ఏది?"

"టైలర్ వాళ్ల అమ్మాయికి ఇచ్చేశాను. వారమేగా, హాల్లో పడుకుందువుగానిలే. నీ సామానంతా సర్దేశాను చూడు, బరువంతా చక్రాల వైపు…"

"నేనింకా వెళ్లలేదు నాన్నా."

అత్త గదిలోకి తొంగిచూసి తమ్ముడి వైపు తిరిగింది. "నీ బుర్రలో కూడా కాగితాలు కూరుకున్నావురా?"

"నువ్వాగు అత్తా," అంది గిలక. గొంతు చాలా మెల్లగా ఉంది. "స్టేజీ మీద నా పేరు పిలిచాక అందరూ తమవాళ్ల కోసం చూసినట్టే నేనూ చూశాను. లోడు దిగుతోంది కదా, పాపం అనుకున్నాను. ఆ లోడు నా గదిలోనే దిగిందన్నమాట. సీటు వచ్చిందని చెప్పినప్పటి నుంచీ చూస్తున్నాను, ఒక్కసారైనా నీ మొహం చిన్నబోతుందేమోనని. నువ్వు పెట్టె సైజు అడిగావు. నేనేమైనా అమ్ముడుపోక మిగిలిన పాత సరుకునా?"

"అలా ఎందుకంటావే?"

"ఈ వారం నా ఫ్రెండ్ ఇంట్లో ఉంటాను. అక్కడి నుంచే విమానం ఎక్కుతాను. పెట్టె సర్దే ఉంది కాబట్టి నీకు శ్రమ కూడా లేదు."

ఆమె పెట్టె లాక్కుంటూ మెట్ల దాకా వెళ్లింది. మొదటి మెట్టు మీద పెట్టె దడాలున పడింది.

"మెట్ల మీద లాగకమ్మా, చక్రం విరుగుతుంది," అన్నాడాయన.

గిలక ఆగి వెనక్కి తిరిగింది. "చివరికి చెప్పాల్సింది ఇదొక్కటేనా నాన్నా?"

ఆయన గోడ పట్టుకుని పై మెట్టు మీద కూలబడ్డాడు.

"మీ అమ్మ పోయాక ఆ ఖాళీ మంచం ఎదురుగా ఒక రాత్రంతా కూర్చున్నాను. మళ్లీ అలా కూర్చోవడం నా వల్ల కాదు. నిన్ను విమానం ఎక్కించి వచ్చి ఆ తలుపు తీస్తే, లోపల ఏదో ఒకటి నిండుగా కనబడాలనుకున్నాను. నువ్వు వచ్చేలోపే అయిపోవాలని పట్టా ఇచ్చే చోటికి కూడా రాలేదు. నా గొడవలో పడి నీ పండగ పాడుచేశాను."

"ఈ మాట ముందే చెబితే ఏమయ్యేది?"

"ఒక మాట చెబితే రెండోది కూడా వచ్చేస్తుంది. వెళ్లొద్దని అనేస్తాను. అంటే నువ్వు ఆగిపోతావు."

గిలక పెట్టె వదిలేసి, మెట్టెక్కి ఆయన పక్కన కూర్చుంది. "నేను ఆగను నాన్నా. నువ్వెంత చెప్పినా ఆగను. కాబట్టి ధైర్యంగా అను."

ఆయన కింద వీధి వైపు చూశాడు. "వెళ్లొద్దు," అన్నాడు.

"మళ్లీ అను."

"వెళ్లొద్దమ్మా. నువ్వు లేకపోతే కొట్టు కట్టేశాక ఈ మెట్లు ఎందుకెక్కాలి?"

ఆమె ఆయన భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. "నేను వెళ్తాను," అంది కాసేపటికి.

"తెలుసు."

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని, కేకు డబ్బా పట్టుకుని నిలబడింది. "తండ్రీకూతుళ్లు లేస్తే ఆ పెట్టెలు దింపుదాం. పిల్లలు వచ్చి ఎక్కడ కూర్చుంటారు, కప్పు మీదా?"

ముగ్గురూ కలిసి సూట్‌కేసులన్నీ కిందికి మోశారు. టైలర్ సంగతి విని మంచం వెనక్కి తెస్తానన్నాడు. గిలక వద్దంది, వాళ్ల అమ్మాయి అప్పటికే దాని మీద నిద్రపోతోంది. సాయంత్రం స్నేహితులు వట్టి నేల మీదే గుండ్రంగా కూర్చుని కేకు కోశారు. గౌను వేసుకుని ఫొటోలు తీసుకున్నారు. ఆయన్నీ మధ్యలోకి లాగారు.

అందరూ వెళ్లిపోయాక అత్త గిన్నెలు కడుగుతోంది. గిలక హాల్లో పక్క వేసి వచ్చేసరికి ఆయన ఇంకా ఆ గదిలోనే, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నాలుగు గోడలు, ఒక కిటికీ తప్ప ఏమీ లేవు.

"ఇక్కడ ఏం చేస్తున్నావు నాన్నా? వచ్చి పడుకో."

"కాసేపు కూర్చోనీ అమ్మా. నువ్వు పక్క గదిలో ఉండగానే కొంచెం అలవాటు చేసుకుంటాను."