పొగగొట్టంలో గూడు

1799 జనవరి 14. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు.

ఒహాయో నది ఒడ్డున, కోట పక్కనున్న గోడల్లేని పాకలో సిపాయి ఎనోక్ టటిల్ శవం దొరికింది. వయసు పంతొమ్మిది. చలికి ముడుచుకుని, అలాగే బిగుసుకుపోయాడు.

రికార్డులో మాత్రం "జ్వరం" అని రాశారు.

లెక్కల తనిఖీకి వచ్చిన ఆడిటర్ విన్‌స్లో చేతిలో ఒక బిల్లు ఉంది. నవంబరు ఒకటి నుంచి పద్దెనిమిది మంది సిపాయిలు కెజయా ప్రూయిట్ అనే వితంతువు ఇంట్లో ఉంటున్నారట. అద్దె నలభై డాలర్లు. కట్టెలకు పన్నెండు. ఆ జాబితాలో టటిల్ పేరూ ఉంది.

ఇంట్లో పడుకున్నవాడు పాకలో ఎలా చచ్చాడు?

పది గంటలకల్లా విన్‌స్లో ఆ ఇంటికి వెళ్ళాడు. బసల ఏర్పాట్లు చూసే లెఫ్టినెంట్ గోర్హమ్ వెంటే వచ్చాడు.

"సిపాయిలు ఎప్పుడొచ్చారమ్మా?"

కెజయా గోర్హమ్ వైపు చూసింది. "నవంబర్లో బాబూ."

"డబ్బు ముట్టినట్టు ఈ రశీదు మీద గుర్తు నీదేనా?"

"నాదే. నాకు రాయడం రాదు."

"ఎప్పుడు పెట్టావు?"

"అక్టోబర్లో..." ఆమె నాలుక కరుచుకుంది.

ఇక్కడి పద్ధతే అది. నది గడ్డకట్టకముందే కాగితాలు పడవెక్కాలని, ఖాళీ రశీదుల మీద ముందే గుర్తు పెట్టించుకుంటారు.

విన్‌స్లో సిపాయిల గదిలోని పొయ్యి ముందు మోకరిల్లి, తల లోపలికి పెట్టి పైకి చూశాడు.

"లెఫ్టినెంట్ గారూ, పొగగొట్టంలో పిట్టగూడుంది. వేసవిలో కట్టిన పుల్లల గూడు. రెండున్నర నెలలు కింద మంట వేస్తే అది మిగిలేదా? ఈ గదిలో ఎవరూ పడుకోలేదు. డబ్బు మీ జేబులో ఉంది. కుర్రాడు చలికి చచ్చాడు."

గోర్హమ్ నవ్వాడు. "భలే పట్టావయ్యా గుమాస్తా! మరి డబ్బు ముట్టిందని గుర్తు పెట్టిందెవరు? నేనా, ఈవిడా? కావాలంటే బిల్లు కొట్టెయ్, అప్పుడు యాభై రెండు డాలర్లూ ఈవిడే కక్కాలి. లేకపోతే ఇల్లు వేలం."

"ఒక్క డాలరు ముట్టలేదు బాబూ! వాళ్ళొస్తారని పరుపుల్లో కొత్త గడ్డి కూడా కుక్కాను!"

అంకె కొట్టేసే అధికారమే తప్ప, మనిషిని పట్టుకునే అధికారం విన్‌స్లోకి లేదు.

"ఆ గూడే సాక్ష్యమమ్మా. పైవాళ్ళకి చూపిస్తాను."

"వాళ్ళు ఏప్రిల్లో గానీ రారు. అప్పటిదాకా ఇల్లుంటుందా?" అన్నాడు గోర్హమ్.

కెజయా వంటింట్లోంచి పారతో నిప్పులు తెచ్చి పొయ్యిలో పోసింది. ఎండుకట్టెలు పేర్చింది.

"వద్దమ్మా" అన్నాడు విన్‌స్లో. లేచి ఆపలేదు. ఆపితే ఆమె రోడ్డున పడుతుంది.

మంట ఎగసింది. కాసేపటికి కాలిన పుల్లలు రాలాయి.

"వాళ్ళిక్కడే ఉన్నారని రాయి బాబూ" అందామె ఏడుస్తూ. "ఆ పిల్లాడు కూడా."

బుడ్డిలో సిరా గడ్డకట్టి ఉంది. విన్‌స్లో దాన్ని ఆ మంట దగ్గరే కరిగించి, "లెక్క సరిపోయింది" అని రాసి సంతకం పెట్టాడు.